పప్పు ఉడకని నుయ్యి

మా బావగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను రాత్రి నానబెట్టిన కందిపప్పు కడుగుతున్నాను. శ్రీకాకుళం నుంచి ఆయన పక్కింటివారు ఫోన్ చేశారు. పొద్దున్న కాఫీకి లేవలేదనీ, నిద్రలోనే వెళ్ళిపోయినట్టున్నారనీ, ముఖం ప్రశాంతంగా ఉందనీ చెప్పారు. చేతికంటిన పప్పు నీళ్ళు చెంగుకు తుడుచుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందుగా మనసులో మెదిలిన మాట మాత్రం 'చూసే వెళ్ళారు' అన్నదే.

ఆయన ఆరేళ్ళుగా చూడాలని ఎదురుచూసింది ఇతరులకు చిన్న విషయమే. మా వీధిలో ఒక పిల్లకు పాలపళ్ళు ఊడి, వాటి చోట మొలిచే ముందు పళ్ళు. అవి తెల్లగా వస్తాయా, లేక ఆ పిల్ల అక్కకు వచ్చినట్టు గోధుమరంగు చారలతో వస్తాయా అన్నది ఆయన ప్రశ్న. ఈమధ్యనే అవి వచ్చాయి. తెల్లగా వచ్చాయి. ఆయన స్వయంగా వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు. అందుకే ఈ మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు నాలో దుఃఖం కంటే ఊరటే ఎక్కువగా ఉంది. దాన్ని దాచి, లేని శోకం ఒలకబోస్తే ఆయనకు నచ్చదు.

ఆయన మా అక్క భర్త. కళాశాలలో భూగర్భశాస్త్రం బోధించేవారు. అక్కను చూసుకోవడానికి మా ఇంటికి వచ్చిన రోజు నాకింకా కళ్ళకు కట్టినట్టు ఉంది. మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, ఇంకో గ్లాసు అడిగారు. ఆ రెండో గ్లాసు నీళ్ళను గుక్క గుక్కగా నోట్లో నిలిపి మింగి, "ఇవి ఏ నూతి నీళ్ళండీ?" అని మా నాన్నగారిని అడిగారు. పిల్లను చూడమంటే నీళ్ళకు వంక పెడుతున్నాడేమిటని నాన్నగారు లోపలికి వచ్చి విసుక్కున్నారు. తలుపు వెనక అక్క నవ్వు ఆపుకోలేక నా చెయ్యి గిల్లింది. చాలా కాలం తర్వాత నేను ఆ సంగతి ఎత్తితే, మొదటి గ్లాసు దాహానికీ, రెండోది పరిచయానికీ అన్నారు.

ఏ ఇంటికి వెళ్ళినా అదే వరస. పెళ్ళిళ్ళలో వంటశాలకు వెళ్ళి నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చారని ఆరా తీసేవారు. భోజనమయ్యాక ఏ కూర బాగుందని అడిగితే మాత్రం తెల్లముఖం వేసేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ ఏదో ఒక రాయి ఉండేది. బట్టలు నానవేసే ముందు అక్క జేబులు తడిమి, దొరికిన రాళ్ళను గుమ్మం పక్కన పోసేది. అక్క పోయిన తర్వాత కూడా ఆ కుప్ప పెరుగుతూనే వచ్చింది. ఆయనే తన జేబులు తడుముకుని, రాయి తీసి, ఆమె పోసిన చోటే పెట్టేవారు.

తరగతిలో పుస్తకాల భాష మాట్లాడే మనిషి ఇంట్లో మాత్రం మా ప్రాంతపు యాసను వదిలేవారు కాదు. ఒకసారి వాకిట్లో వాన చూస్తూ నాతో అన్న మాటలు ఇవి: "నీరు ఊరికినే దిగదు మరదలా. దారిలో రాయితో కబుర్లాడుకుంటా దిగుతాది. ఎంత లోతుకెల్తే అన్ని కబుర్లు. ఆఖరికి ఆ కబుర్లే మనం తాగుతాం." మా వైపు కొండల్లోని రాయి ఎంతో పాతదనీ, మండే ఎండా కుండపోత వానా ఉన్న మనలాంటి దేశాల్లో అది తొందరగా పుచ్చి, తనలో ఉన్నదాన్ని నీళ్ళకు వదిలేస్తుందనీ వివరించేవారు. చల్లటి దేశాల మనిషి తాగే నీళ్ళెన్ని, వేసవిలో మన చేలో పనిచేసే మనిషి తాగే నీళ్ళెన్ని అని అడిగేవారు. నీళ్ళలో ఉన్నది కొంచెమే అయినా మన ఒంటికి చేరేది ఎక్కువన్నది ఆయన బాధ.

ఇక నా సంగతి కొంత చెప్పాలి. నేను లెక్కలు చెప్పిన ఉపాధ్యాయురాలిని. పెళ్ళి వద్దనుకున్నాను, చేసుకోలేదు. ఉద్యోగం ముగిశాక నెల్లిమర్ల దాటి, కొండవార ఉన్న ఒక ఊరిలో స్థలం కొనుక్కుని ఇల్లు కట్టుకున్నాను. పెరట్లో పాత నుయ్యి ఒకటి ఉండేది. దాని నీళ్ళలో సబ్బు నురగ రాదు, పప్పు ఉడకదు. ఎండలు ముదిరితే అడుగు కనిపించేది. నీళ్ళ కోసం ఒకరి గుమ్మం తొక్కడం నాకు ఇష్టం లేక లోతుగా బోరు వేయించాను. అద్దంలాంటి నీళ్ళు పడ్డాయి. సబ్బు రుద్దితే నురగ, పప్పు పొయ్యి మీద పెడితే వెన్న. వీధిలో ఆడవాళ్ళు రుచి చూసి బిందెలతో రావడం మొదలుపెట్టారు. ప్రహరీ గోడకు బయటివైపు కుళాయి పెట్టించాను. ఒంటరిగా ఉంటున్న ఆడమనిషి నలుగురికి నీళ్ళివ్వగలగడం నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని నేనిప్పటికీ తప్పనుకోను.

బోరు వేసిన మొదటి వేసవిలోనే బావగారు వచ్చారు. ఆమదాలవలసలో ప్యాసింజరెక్కి, నెల్లిమర్లలో దిగి, ఆటోలో ఎండన పడి వచ్చారు. వచ్చీరాగానే రెండు గ్లాసులు తాగారు. భోజనంలో ముద్దపప్పు కలుపుకుంటూ, "పప్పు మరీ బేగి ఉడికిపోయినట్టున్నాదే" అన్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. సాయంకాలం కుర్చీ లాక్కుని గేటు దగ్గర కూర్చుని, నీళ్ళు పట్టుకోవడానికి వచ్చే పిల్లలందరినీ ఏవో కబుర్లలో పెట్టి నవ్వించారు. నవ్వించి, పళ్ళు చూశారు.

ఎదురింటి పెద్దపిల్ల మాత్రం చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కుటుంబం అప్పటికి ఏడాది కిందటే కొండ కింది పేట నుంచి మా వీధికి వచ్చింది. వ్యవసాయం చేసుకునే మనుషులు. ఆయన ఇంకొకసారి నవ్వించినా ఆ చెయ్యి నోటి మీంచి తొలగలేదు. ఆ పిల్ల తల్లే అడ్డం వచ్చి, "దాని పళ్ళు పాడైపోనాయి మేస్టారూ. ఎంత తోమినా పోదు ఆ రంగు. బళ్ళో పిల్లగుంటలు ఎక్కిరిస్తన్నారు" అని చెప్పింది. ఆమె చంకలో అన్నప్రాసన అయిన చంటిపిల్ల ఒకటి ఉంది.

మర్నాడు ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆ పేటకు వెళ్ళారు. పిల్లల్లో చాలామంది పళ్ళు అలాగే ఉన్నాయి. ఒక పెద్దాయన మాతో మాట్లాడడానికి మెడ ఎత్తలేక, ఒళ్ళంతా వెనక్కి వంచి చూశాడు. ఆ పేటకు చాలా కాలంగా ఒక్కటే ఆధారం, లోతు బోరు. అక్కడ కూడా పప్పు బ్రహ్మాండంగా ఉడుకుతుందట.

తిరిగి వస్తూ, నా బోరు నీళ్ళు తాగడానికి పనికిరావేమోనని అనుమానంగా ఉందన్నారు. అనుమానాల మీద నేను కుళాయి కట్టెయ్యననీ, రుజువు కావాలనీ అన్నాను. ఆయన ఆగి, నా వైపు తిరిగి నవ్వారు. "అడగాల. అడక్కపోతే నువ్వు నా మరదలివే కావు" అన్నారు.

తర్వాతి వారం ఒక పెట్టెతో వచ్చారు. చంపావతి ఏటి ఇసుకలో ఊరిన నీళ్ళు, నా నూతి నీళ్ళు, నా బోరు నీళ్ళు వేర్వేరు గాజు గొట్టాల్లో పోశారు. ఒక్కొక్కదానిలో ఎర్రటి మందు చుక్కలు వేశారు. నీళ్ళలో పళ్ళనూ ఎముకలనూ పాడుచేసేంత ఫ్లోరైడ్ ఉంటే ఆ ఎరుపు వెలిసిపోతుందని ముందే చెప్పారు. ఏటి నీళ్ళు ఎర్రగా నిలిచాయి. నూతి నీళ్ళు కూడా దాదాపు అలాగే ఉన్నాయి. బోరు నీళ్ళు మాత్రం నా కళ్ళముందే పాలిపోయి పసుపు పచ్చగా మారాయి. ఆయన వెళ్ళిపోయాక పెట్టెలో మిగిలిన మందుతో నేను స్వయంగా మళ్ళీ చేసి చూసుకున్నాను. ఆయన ప్రయోగశాలకు పంపిన బోరు నీళ్ళ సీసాలోనూ అదే తేలింది.

పప్పు ఉడకని నూతి నీళ్ళు మంచివీ, వెన్నలా ఉడికించే నీళ్ళు చెడ్డవీ ఎలా అవుతాయని అడిగాను. ఆయన నూతి గట్టు మీద కూర్చుని చెప్పిన తీరు నేను ఏ తరగతిలోనూ వినలేదు. "నూతి నీళ్ళలో సున్నం ఉన్నాది. సున్నం ఉన్నంతసేపు ఫ్లోరైడ్‌ని పట్టుకుని కూకోబెడతాది. లోతుకి దిగేసరికి ఆ సున్నం రాలిపోతాది, సోడా గుణం వస్తాది. ఇంక దానికి అడ్డెవులు? పప్పు ఉడక్కపోతే మీరు చిటికెడు సోడా వేస్తారు కాదా? నీకు ఆ సోడా నేలకిందే వేసి పంపించినారు."

మా ప్రాంతంలో తల్లులు పిల్లనిచ్చే ముందు ఆ ఊరి నీళ్ళలో పప్పు ఉడుకుతుందా అని వాకబు చేస్తారు. ఉడికితే మంచినీళ్ళని లెక్క. ఆ లెక్కతోనే వీధి వీధంతా పాత నూతులు వదిలి లోతు బోర్ల వైపు నడిచింది. బావగారు దాన్ని ఎప్పుడూ వెక్కిరించలేదు. పైనున్న నూతులకు ఆ పరీక్ష సరిపోయిందనీ, మనిషి ఇంత లోతు నీళ్ళు తాగడం కొత్త గనక పరీక్ష కూడా కొత్తది కావాలనీ అనేవారు.

కుళాయి కట్టేసిన రోజు పొద్దున్నే గేటు ముందు బిందెలు వరసగా నిలిచాయి. బావగారు అరుగు మీద ఉన్నారు. నేను విషయం చెప్పాను. ఒక ముసలామె నన్ను ఎగాదిగా చూసి, "అమ్మగారికి గేసున్నాది. పప్పు ఎంతసేపుడికితే ఏటి? కట్టెలు మాకు గదా" అంది. అందరూ నవ్వారు, నాకూ నవ్వు వచ్చింది. ఎదురింటామె మాత్రం నవ్వలేదు. నూతి నీళ్ళు కటికగా, సున్నం రుచిగా ఉంటాయనీ, అవి తాగితే ఉద్దానంలోలా మూత్రపిండాలు పోతే ఎవరు చూస్తారనీ నిలదీసింది. ఆమె తమ్ముడు అటువైపు కొబ్బరితోటల్లో పనికి వెళ్ళి, అక్కడి మనుషుల అవస్థ చూసి వచ్చాడు.

బావగారు అరుగు దిగి ఆమె దగ్గరికి వచ్చారు. "ఉద్దానం జబ్బు ఎందుకొస్తందో నాకు తెలీదమ్మా. పెద్ద పెద్దోళ్ళు ఎతుకుతన్నారు, ఇంకా తేలలేదు. తెలీనిది తెలుసునని సెప్పి నీసేత నీళ్ళు తాగించను. ఈ బోరు సంగతి మాత్రం తెలుసు. నీ పెద్దదాని పళ్ళు సూసినాను" అన్నారు.

ఆమె గొంతు అప్పుడు తగ్గింది. చంటిదానికి బోరు నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, అందులోనే జావ కాచి పోస్తున్నాననీ, మరగబెడితే ఏ దోషమైనా పోతుంది కదా అనీ అడిగింది. పెద్దదాన్ని కూడా అలాగే జాగ్రత్తగా పెంచానంది. చదువుకున్న తల్లి అయినా అంతకంటే ఏం చేస్తుంది? బావగారు నాచేత గిన్నెలో నీళ్ళు పోయించి, అందులో ఉప్పు కలిపి పొయ్యి మీద పెట్టించారు. వీధి వీధంతా చుట్టూ నిలబడి చూసింది. నీళ్ళు ఆవిరై, గిన్నె అడుగున తెల్లటి ఉప్పు మిగిలింది. మరిగిస్తే పురుగు చస్తుంది గాని ఉప్పు చావదనీ, నీళ్ళు తగ్గేకొద్దీ మిగిలినదానిలో అది చిక్కబడుతుందనీ, ఫ్లోరైడ్ కూడా అంతేననీ చెప్పారు. ఆమె గిన్నె చేతిలోకి తీసుకుని, అడుగు వేలితో రాసి, నాలుకకు తగిలించుకుంది.

"దీనికి తప్పుతాదా మేస్టారూ?" అని అడిగింది, చంకలో పిల్లను చూపించి.

"తప్పాల. తప్పుతాదని మాత్రం నేను ఒట్టెయ్యలేను. పాలపళ్ళు నీ కడుపులోనే తయారైపోయినాయి, వాటిని సూస్తే ఏటీ తెలీదు. అసలు పళ్ళు ఇప్పుడు దవడలో కట్టుకుంటన్నాయి. అవి బయటికొచ్చిన రోజు తెలుస్తాది" అన్నారు ఆయన.

ఆ రోజు నుంచి ఆ పిల్ల పళ్ళు ఆయనకు బాకీ అయ్యాయి.

పాత నూతిలో పూడిక తీయించాను. మేడ మీద పడే వాన నీళ్ళు గొట్టంలోంచి దిగి, ఇసుకా కంకరా నింపిన గుంటలో ఇంకి నూతిని చేరేలా ఆయన దగ్గరుండి కట్టించారు. నూతిలో ఎప్పుడు బ్లీచింగ్ మందు కలపాలో, తాగే నీళ్ళు ఎందుకు కాచుకోవాలో వీధికి నేర్పారు. ఏడాదికోసారి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి అన్ని పరీక్షలూ చేయించేవారు. బోరు నీళ్ళు బట్టలకు మాత్రమే మిగిలాయి. పప్పు రాత్రే నానబెట్టుకోవడం వీధికంతటికీ అలవాటైంది. గొణుగుడు మొదట్లో చాలానే ఉండేది. కట్టెలమ్మ అని నేను మనసులో పేరు పెట్టుకున్న ఆ ముసలామె కొన్నాళ్ళు నా వైపు చూసేది కాదు. తర్వాత ఒక వర్షాకాలం మా గొట్టానికి ఆకులు అడ్డుపడితే, నాకంటే ముందు ఆవిడే చూసి గేటు తట్టింది.

బావగారు ఎప్పుడు వచ్చినా మా పప్పులో బద్ద పంటికింద తగలాలి. తగిలితే, "ఆఁ, ఇదీ నీరంటే" అని తృప్తిగా తలాడించేవారు. నా వంటను అంతకంటే గొప్పగా ఎవరూ మెచ్చుకోలేదు, అంత అన్యాయంగానూ మెచ్చుకోలేదు.

ఫోన్ చేస్తే ఆయన మొదటి ప్రశ్న నా ఆరోగ్యం గురించి ఉండేది కాదు. ఎదురింటి చిన్నదాని పళ్ళు కదిలాయా అన్నదే ఆయనకు కావాలి. ఒకసారి ఉక్రోషం వచ్చి, నా పళ్ళ సంగతి అడగవేం బావా అన్నాను. "నీవి కట్టుడు పళ్ళు గదే మరదలా, వాటికేటవుతాది?" అని పకపకా నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ పిల్లకు ఆయన టార్చిలైటు అంటే భయం. ఆయన్ని చూడగానే పెదవులు బిగించి నూతి వెనక దాక్కునేది.

చివరికి ముందు పాలపళ్ళు ఊడాయి. తల్లి వాటిని ఆనవాయితీ ప్రకారం పేడలో చుట్టి, పిల్లచేత మా మేడ మీదికే విసిరించింది. ఊడిన చోట కొత్త పళ్ళ అంచులు కనిపించగానే నేను కబురు చేశాను. తుంటి నొప్పితో ఆయన అప్పటికి ఇల్లు కదలడం మానేశారు. కారు పంపిస్తానన్నాను, ఒప్పుకోలేదు. ఎప్పటిలాగే ప్యాసింజర్లో వచ్చారు.

ఈసారి టార్చిలైటు తీయలేదు. మా పెరటి జామకాయ ఒకటి కోయించి, ఆ పిల్ల చేతికిచ్చి, కొరకగలవా అన్నారు. పందెమనుకుంది గాబోలు, నోరంతా తెరిచి కొరికింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని చూశారు. తల్లి కొంగు నోటికి నొక్కుకుని నిలబడి ఉంది. ఒక్క చార లేదు, మచ్చ లేదు. కొత్త బియ్యపు గింజల్లా ఉన్నాయి.

"తప్పింది" అన్నారు. తల్లి ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది.

పెద్దపిల్ల స్తంభం దగ్గర నిలబడి, ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆయన ఆ పిల్లను దగ్గరికి పిలిచారు. "నీ పళ్ళు సూడబట్టే నాకు తెలిసింది తల్లీ. లేకపోతే సెల్లికీ అదే జావ. ఈ వీధి పిల్లలందరి పళ్ళూ నువ్వే కాసినావు" అన్నారు. ఆ పళ్ళకు తొడుగు వేసి సరిచేసే దంతవైద్యులుంటారనీ, ఆ పిల్ల ఎదిగి తనకు కావాలనుకుంటే చేయించుకోవచ్చనీ, లేకపోయినా ఆ నవ్వుకు ఏ లోటూ లేదనీ చెప్పారు. ఆ పిల్ల చెయ్యి దించిందో లేదో నేను చూడలేదు. నేను అప్పుడు ఆయన్నే చూస్తున్నాను. ఆయన రెండో గ్లాసు నీళ్ళు అడిగారు.

కబురు వచ్చిన రోజు నేను ఎవరి తోడూ లేకుండా అదే ప్యాసింజర్లో శ్రీకాకుళం వెళ్ళాను. వెళ్ళే ముందు ఒక చిన్న సీసాలో నూతి నీళ్ళు పట్టుకున్నాను. గుమ్మం పక్కన రాళ్ళ కుప్ప అలాగే ఉంది. నోట్లో తులసి నీళ్ళు పొయ్యమని నన్ను పిలిచినప్పుడు నా సీసా మూత తీశాను. ఆయన అడగలేరు గనక నేనే చెప్పాను. "మా నూతి నీళ్ళే బావా." పక్కనున్నవాళ్ళు నేను శోకం ఆపుకోలేక ఏదో అంటున్నాననుకున్నారు. నాగావళి ఒడ్డున అంతా ముగిసే వేళకు చినుకులు మొదలయ్యాయి.

ఇల్లు చేరేసరికి వాన నిలకడగా కురుస్తోంది. మేడ మీది నీళ్ళు గొట్టంలోంచి గుంటలోకి దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ పాలపళ్ళు ఇంకా పైన ఎక్కడో ఉండే ఉంటాయి. గేటు తీసి పెరట్లోకి వెళితే, నూతి గట్టు మీద ఎవరో జామకాయ పెట్టి వెళ్ళారు. ఆయన కూర్చునే చోటే పెట్టారు. దాని మీద ఒక్క కాటే ఉంది. పక్కపక్కన రెండు పళ్ళ గుర్తులు, వాటిలో నిలిచిన వాన నీళ్ళు.